ఎనిమిదేళ్ళ ఫైలుతో సహా మా క్యాంపర్ వ్యాన్ అమ్మేశాం

పోయిన శనివారం మధ్యాహ్నం మా క్యాంపర్ వ్యాన్, అంటే లోపలే వండుకుని పడుకుని ఊళ్ళు తిరిగే బండి, వెళ్ళిపోయిందండి. ఇంటి ముందు అది నిలబడే చోటంతా ఇప్పుడు ఖాళీ. ఇదివరకు పాప స్కూల్ నుంచి వస్తే వ్యాన్ కీ గోడకీ మధ్య బ్యాగ్ పక్కకి తిప్పుకుని దూరి లోపలికొచ్చేది, ఇప్పుడు హాయిగా మధ్యలోంచి నడిచి వచ్చేస్తోంది, నాకేమో చూసినప్పుడల్లా మనసు అదోలా అవుతోంది.

ఎంతకి అమ్మారు, ఎలా అమ్మారు, తక్కువకి ఇచ్చేశారా అని ఇక్కడ మనవాళ్ళు, కాకినాడ నుంచి అన్నయ్య, అందరూ అడుగుతున్నారు, ఒక్కొక్కళ్ళకీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నా. బండి చాలా బాగా చూసుకున్నాం అని అమ్మేవాళ్ళందరూ రాస్తారు కదా, ఆ మాట కొనేవాళ్ళు ఎందుకు నమ్మాలి? ఈ మూడు వారాలూ నా బుర్రంతా ఆ ప్రశ్న మీదే ఉంది, కాబట్టి ఈ పోస్టు కూడా దాని మీదే.

ముందు బండి గురించి చెప్తా. ఫోక్స్‌వాగన్ ట్రాన్స్‌పోర్టర్ టి5, లాంగ్ వీల్ బేస్ (పొడుగు రకం), 2.0 టీడీఐ డీజిల్ ఇంజన్, 140 హార్స్ పవర్, 62 ప్లేట్, అంటే 2012 సెప్టెంబర్ నుంచి 2013 ఫిబ్రవరి లోపు రిజిస్టర్ అయినదన్నమాట. 2017 లో ఒక పూల కొట్టు వాళ్ళ దగ్గర ఉత్త ప్యానెల్ వ్యాన్ గా కొన్నాం, 62 వేల మైళ్ళు తిరిగింది, 11,500 పౌండ్లు. వెనకంతా ఖాళీ ఇనప డబ్బా, కిటికీల్లేవు, తలుపు తీస్తే తడి ఆకుల వాసన. మేముండేది ఇంగ్లండ్ లో, కోవెంట్రీలో. మావారికి చెక్కపని చెయ్యి తిరిగింది, నేను కాకినాడలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివినదాన్ని, కాబట్టి కప్‌బోర్డులు, బెడ్ ఫిట్టింగ్ ఆయన, వైరింగ్ మొత్తం నేను. పైకి లేచే రూఫ్ మాత్రం ఆ పని మీదే ఉండే షాపులో పెట్టించాం, 3,200 అయింది, అది ఇంట్లో చేసుకునే పని కాదు, బండి నెత్తి మొత్తం కోసెయ్యాలి. మిగతా పనికి ఇంకో ఆరు వేల దాకా అయింది, పదకొండు నెలల వీకెండ్లు పట్టింది.

ఎందుకు అమ్మాం అంటే పిల్లలు ఎదిగిపోయారు. పైన రూఫ్ బెడ్ లో ఇద్దరూ పడుకునేవాళ్ళు, ఇప్పుడు పాపకి పదిహేను, చిన్నోడికి పన్నెండు, పోయిన ఆగస్టులో వేల్స్ వెళ్ళినప్పుడు మూడు రాత్రులూ ఇద్దరికీ నిద్ర లేదు, ఒకళ్ళ మోచెయ్యి ఇంకొకళ్ళ మొహం మీద. ఆ బెడ్ కి బరువు లిమిట్ కూడా ఉంటుంది, అది దాటిపోతున్నాం. ఇంటి ముందు ఊరికే నిలబెడితే బండి పాడవుతుంది, నడిచే బండే బాగుంటుంది. అలా అని నిర్ణయం తేలిగ్గా ఏమీ అవలేదు, మావారూ నేనూ ఆరు నెలలు ఆ మాట ఎత్తడం, ఆపెయ్యడం.

ఇక ధర. మాకు మొత్తం 20,700 అయింది, తర్వాత బ్యాటరీ అవీ మార్చినవి కలిపితే 22 వేలు దాటింది. కానీ కొనేవాళ్ళకి మన ఖర్చుతో పని లేదండి. 2019 లో నార్త్ కోస్ట్ 500, అంటే స్కాట్లండ్ ఉత్తర తీరం చుట్టి వచ్చే దారి, మొత్తం తిరిగాం ఈ బండి మీద, ఇన్వర్‌నెస్ లో బయల్దేరి మళ్ళీ ఇన్వర్‌నెస్ కి, 516 మైళ్ళు. యాపిల్‌క్రాస్ కి వెళ్ళే బెలాఖ్ నా బా కొండ దారిలో పొగమంచు కమ్మేస్తే పక్కకి ఆపుకుని గంటసేపు కూర్చున్నాం. అమ్మ వచ్చినప్పుడు బాంబరా కోట ఎదురుగా సముద్రం ఒడ్డున, తిప్పిన ముందు సీట్లో కూర్చుని ఫిల్టర్ కాఫీ తాగుతూ "ఉప్పాడ బీచ్ రోడ్డు లాగే ఉందే" అంది. ఇవన్నీ మావి, వీటికి రేటు కట్టి ఎవరినీ అడగలేం. అందుకని అదే మోడల్, అదే వయసు, దాదాపు అన్నే మైళ్ళు తిరిగిన బండ్లు నిజంగా ఎంతకి పోతున్నాయో ఒక నెల రోజులు చూసాం, అడుగుతున్న ధర కాదు, నాలుగు వారాలు దాటినా అమ్ముడుపోకుండా కూర్చున్నవేవో, వారంలో మాయమైనవేవో నోట్ చేసుకున్నాం. చివరికి 17,500 పెట్టాం. టైమ్ కూడా చూసుకున్నాం, మార్చి మధ్యలో, ఈస్టర్ సెలవులకి ముందు. నవంబర్ లో పెడితే ఇదే బండికి తక్కువ అడుగుతారు, చలికాలంలో క్యాంపర్ కొందామని ఎవరికి అనిపిస్తుంది చెప్పండి.

ఫైలు సంగతి ఇప్పుడు చెప్తా, ఎందుకంటే బండి అమ్మింది అదే. కొన్న రోజు నుంచి ఒక నీలం రంగు లివర్ ఆర్చ్ ఫైలు పెట్టా. ప్రతి సర్వీస్ బిల్లు, ప్రతి ఎంఓటీ (ఏటా చేయించే బండి ఫిట్‌నెస్ పరీక్ష) కాగితం, టైర్లు ఏ తేదీన ఎన్ని మైళ్ళ దగ్గర మార్చామో, క్యామ్ బెల్ట్ (ఇంజన్ లోపలి పళ్ళ బెల్టు) వాటర్ పంప్ తో కలిపి 2019 లో ఒకసారి, 2024 లో ఒకసారి మార్చినవి, నేనే ఇంట్లో చేసుకున్న చిన్న పనులకి కూడా ఒక నోట్ బుక్, తేదీ, మైళ్ళు, ఏం చేసానో, ఏం పార్టు వేసానో. అన్నిటికన్నా విలువైనవి గోడలు మూసెయ్యకముందు తీసిన ఫోటోలు. వ్యాన్ లోపల ఇన్సులేషన్ పెట్టి, ప్లైవుడ్ కొట్టి, దాని మీద కార్పెట్ లైనింగ్ అతికించేసాక వెనకాల వైర్ ఎటు పోయిందో, కిటికీ కోసిన అంచుకి ప్రైమర్ పూసారో లేదో దేవుడికే తెలియాలి. మేము ప్రతి ప్యానెల్ మూసేముందు టేపు పక్కన పెట్టి ఫోటో తీసాం, వైర్ల మీద లేబుల్స్ కనపడేలా. దాదాపు 140 ఫోటోలు ప్రింట్ తీసి ఫైల్లో పెట్టాను. మీలో ఎవరైనా ఇప్పుడు బండి తయారు చేసుకుంటుంటే ఈ ఒక్క పని మానకండి, అప్పట్లో నాకు రిపేర్ కోసం పనికొస్తాయని తీసుకున్నా, అమ్మేటప్పుడు అవే సాక్ష్యం అయ్యాయి. బండి బరువు తూచిన వేబ్రిడ్జ్ చీటీ కూడా ఉంది ఫైల్లో, మేం నలుగురం, నిండా నీళ్ళు, సామానుతో కలిపి 2,610 కిలోలు, బండి లిమిట్ 3,000. సొంతంగా చేసుకున్న బండి మొదటిసారి చూసేవాళ్ళకి బరువు ఎక్కువైందేమో అన్న భయం ఉంటుంది, ఆ చీటీ చూపిస్తే ఆ మాట ఇక రాదు.

ఇంగ్లండ్ లో బండికి అసలు శత్రువు ఉప్పు. చలికాలం రోడ్ల మీద మంచు గట్టిపడకుండా రాతి ఉప్పు చల్లుతారు, అది కిందనుంచి ఎగిరి ఇనుముకి పట్టి తినేస్తుంది. నేను పుట్టింది కాకినాడలో, ఉప్పుగాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలిపోవడం చిన్నప్పటినుంచీ చూసా, నాన్న ప్రతి ఏడాదీ సంక్రాంతి ముందు ఊచలన్నీ గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టించేవారు. ఆ అలవాటే నాకొచ్చింది. నవంబర్ నుంచి మార్చి దాకా పెద్ద ట్రిప్పు వెళ్ళొచ్చినప్పుడల్లా, సముద్రం పక్కన ఆపినప్పుడల్లా, కింద మొత్తం హోస్ పెట్టి కడిగేవాళ్ళం, వీల్ ఆర్చ్ ల లోపల ముఖ్యంగా, బురద అక్కడే పేరుకుని తడి పట్టుకుని కూర్చుంటుంది. మూడేళ్ళకోసారి కింద వ్యాక్స్ కొట్టించాం. అయినా ఎడమ వెనక వీల్ ఆర్చ్ మీద బొటనవేలి గోరంత తుప్పు బుడగ వచ్చింది పోయిన ఏడాది. దాన్ని గీకి రంగు వేసేసి దాచెయ్యొచ్చు, రెండేళ్ళు కనపడదు కూడా. వెయ్యలేదు. పక్కన ఒక పౌండ్ నాణెం పట్టుకుని దగ్గర్నుంచి ఫోటో తీసి ప్రకటనలో పెట్టాను.

దాచకుండా చెప్పిన రెండో లోపం 2021 లో వచ్చిన లీక్. ఇది కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే నాకు చాలా నేర్పింది. ఒకరోజు కప్‌బోర్డ్ లో పప్పు డబ్బా తియ్యబోతే వెనక ప్లైవుడ్ మీద చెయ్యి పడి చల్లగా మెత్తగా తగిలింది. కిటికీ నుంచే కారుతోంది అనుకున్నాం, కిటికీ మేమే కోసి పెట్టాం కదా. మళ్ళీ సీలెంట్ వేసాం, ఆగలేదు. అప్పుడు లోపల ప్యానెల్ ఊడదీసి, ఇనుము బాగా తుడిచి ఆరబెట్టి, దాని మీద ఒంటికి రాసుకునే పౌడర్ పల్చగా అద్ది, మావారిని బయటనుంచి హోస్ తో నీళ్ళు పొయ్యమన్నా, ఒక్కసారే కాదు, కింద నుంచి మొదలుపెట్టి జానెడు జానెడు పైకి. కిటికీ దాటేదాకా పౌడర్ అలాగే పొడిగా ఉంది, పైన ఆనింగ్ (బండి పక్కన పందిరిలా సాచే గుడ్డ) రెయిల్ దగ్గరికి రాగానే రెండో స్క్రూ కింద నుంచి తెల్లటి పౌడర్ లో సన్నటి చార దిగింది, పిల్లాడు పలక మీద గీత గీసినట్టు. ఆ ఒక్క స్క్రూ కింద సీలెంట్ ఎండి విడిపోయింది. అన్ని స్క్రూలూ తీసి కొత్తగా వేసి, నానిన ప్లైవుడ్ ముక్క మార్చేసి, మూడు నెలలు వానల్లో చూసి అప్పుడు మూసాం. ఈ కథంతా ఫోటోలతో ఫైల్లో ఉంది, ప్రకటనలో కూడా "2021 లో ఆనింగ్ రెయిల్ దగ్గర లీక్ వచ్చింది, ఇలా బాగు చేసాం" అని రాసాను. మావారు "అంత అవసరమా, ఇప్పుడు పొడిగా ఉందిగా" అన్నారు. ఉంది, కానీ రేపు వాళ్ళకి అదే చోట తడి కనపడితే ఎక్కడ వెతకాలో తెలియాలి కదా.

కరెంట్ సంగతి నా సొంతం కాబట్టి ఆపుకోలేక రాస్తున్నా. మొదట 110 యాంపియర్ అవర్ ఏజీఎం బ్యాటరీ (లెడ్ యాసిడ్ రకం), ఇంజన్ నడిచేటప్పుడు దాన్ని చార్జింగ్ కి కలిపే రిలే ఒకటి, రూఫ్ మీద 100 వాట్ సోలార్. 2022 లో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ కి మారాం, దానితో పాటు రిలే తీసేసి, కరెంట్ ని హద్దులో ఉంచే డీసీ టు డీసీ చార్జర్ పెట్టాను, లిథియంని ఆల్టర్నేటర్ (ఇంజన్ తో తిరిగి కరెంట్ పుట్టించేది) కి నేరుగా తగిలించేస్తే అది ఆబగా కరెంట్ లాగి ఆల్టర్నేటర్ ని వేడెక్కించేస్తుంది. ఇంకోటి, ఈ బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చెయ్యకూడదు, అందుకే సీటు కింద హీటర్ గాలి తగిలే చోట పెట్టాను. డీజిల్ హీటర్ ని ఎండాకాలంలో కూడా నెలకోసారి ఇరవై నిమిషాలు ఫుల్ మీద నడపాలి, లేకపోతే లోపల మసి పేరుకుని అక్టోబర్ లో కావాల్సినప్పుడు వెలగదు. ఎనిమిదేళ్ళలో అది ఒక్కసారి కూడా మొండికెయ్యలేదు, ఆ నెలవారీ టిక్కులన్నీ నోట్ బుక్ లో ఉన్నాయి.

వంట గురించి మనవాళ్ళు తప్పకుండా అడుగుతారు. గ్యాస్ డబ్బా కింద నేలకి రంధ్రం ఉండి తీరాలి, గ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి లీకైతే కిందకే దిగుతుంది, అలా బయటకి పోవాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం నిద్రపోయే చోటికి దగ్గర్లో పెట్టాం. లోపల స్టవ్ మీద అన్నం, పప్పు, టీ వరకే. పోపు, వేపుళ్ళు మాత్రం మొదటి రోజు నుంచీ బయట ఆనింగ్ కింద సింగిల్ బర్నర్ మీదే చేసాం, ఎంత వాన పడినా సరే. ఎందుకంటే గోడలకి అతికించిన కార్పెట్ లైనింగ్ నూనె ఆవిరిని పీల్చుకుంటే ఇక జన్మలో వదలదు, ఇంగువ సంగతి చెప్పక్కర్లేదు. ఇంట్లో అయితే గోడకి రంగు వేసుకుంటాం, ఇక్కడ మొత్తం ఊడబీకాలి. ఆ నియమం వల్ల అమ్మేటప్పుడు లోపల చెక్క వాసన తప్ప ఏమీ లేదు.

కాగితాల్లో ముఖ్యమైనది వి5సి లాగ్ బుక్ (బండి రిజిస్ట్రేషన్ పత్రం) లో బాడీ టైప్ ఏమని ఉంది అనేది. మేం 2018 లో లోపల బయట ఫోటోలు పంపి డీవీఎల్ఏ (బండ్ల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ ఆఫీసు) కి అప్లై చేస్తే మోటర్ కారవాన్, అంటే క్యాంపర్, అని మార్చి పంపారు. తర్వాత తర్వాత బయటనుంచి చూసినా క్యాంపర్ లా కనపడాలి అని గట్టిగా పట్టుకున్నారు, చాలామందికి కిటికీలున్న వ్యాన్ అనే వస్తోంది. బండి క్యాంపర్ కింద లెక్కకొస్తుందా లేదా అన్నది స్పీడ్ లిమిట్ కి కూడా ముఖ్యం, మామూలు ప్యానెల్ వ్యాన్ అయితే సింగిల్ క్యారేజ్‌వే (మధ్యలో డివైడర్ లేని రోడ్డు) మీద గంటకి 50 మైళ్ళే లిమిట్, మోటర్ కారవాన్ అయితే కారు లాగే 60. కొందరు ఇన్సూరెన్స్ వాళ్ళు లాగ్ బుక్ లో ఏముందో కూడా అడుగుతారు.

ఇక ప్రకటన పెట్టాక మొదటి రెండు రోజుల్లో నలభై మెసేజ్ లు. సగం "ఇంకా ఉందా", "ఆఖరి రేటు ఎంత" అంతే. చూడకుండానే డబ్బు పంపిస్తాం, మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు, ముందు కొరియర్ కి మీరు కట్టండి అని ఇద్దరు, వాళ్ళకి జవాబు కూడా ఇవ్వకూడదు. లండన్ నుంచి ఫోన్ చేసిన వాళ్ళకి నేనే ముందు చెప్పేసా, ఇది యూరో 5 (పాత పొగ ప్రమాణం) డీజిల్, యూలెజ్ (పొగ ఎక్కువ వదిలే బండ్ల మీద లండన్ లో వేసే రోజువారీ రుసుము) పాస్ అవ్వదు, 2023 ఆగస్టు నుంచి లండన్ బరోలన్నిటికీ వర్తిస్తోంది, బండి కదిపిన ప్రతి రోజూ 12.50 పౌండ్లు అని. బర్మింగ్‌హమ్ మధ్యలోకి వెళ్తే 8. గ్లాస్గో, ఎడిన్‌బరా సెంటర్లలోకైతే అసలు వెళ్ళకూడదు, వెళ్తే ఫైన్. ఇద్దరు ముగ్గురు థాంక్స్ చెప్పి పెట్టేశారు. వాళ్ళు కోవెంట్రీ దాకా వచ్చి తెలుసుకుని వెనక్కి వెళ్ళడం కంటే ఇదే నయం కదా.

మన కుర్రాడు ఒకడు ఫోన్ చేసాడు, రెడింగ్ నుంచి, "అక్కా, మీది కాకినాడా, మాది పిఠాపురం" అని. పావుగంట ఊరి కబుర్లు, ఏ కాలేజీ, ఏ వీధి, అయ్యాక "అక్కా మనవాళ్ళమే కదా, పదమూడుకి ఇచ్చెయ్యండి" అన్నాడు. నాకు కోపమేమీ రాలేదు, కొత్తగా పెళ్ళైందట, ఇద్దరూ స్కాట్లండ్ తిరగాలని ఆశ. "తమ్ముడూ, పదమూడుకి నేనివ్వలేను, కానీ ఆ డబ్బులో కొనేటప్పుడు ఏం చూడాలో చెప్తా" అని గంటసేపు చెప్పాను. అన్నిటికన్నా ముందు ఎంఓటీ హిస్టరీ చూసుకోమన్నా, ప్రభుత్వం వెబ్‌సైట్ లో నంబర్ ప్లేట్ కొడితే ఊరికే వచ్చేస్తుంది, ఏ ఏడాది ఎన్ని మైళ్ళు, ఏం అడ్వైజరీలు (త్వరలో బాగు చేయించాలి అన్న హెచ్చరికలు) రాసారు, మళ్ళీ ఏడాది అదే అడ్వైజరీ ఉందా పోయిందా. ఒకే మాట మూడేళ్ళు వరసగా ఉందంటే ఆ ఓనర్ పట్టించుకోలేదని అర్థం. బండి మీద అప్పు ఉందేమో కూడా డబ్బులు కట్టి చెక్ చేసుకోమన్నా. ఇంకో మాట, స్కాట్లండ్ లో చాలాచోట్ల టెంట్ వేసుకునే హక్కు 2003 చట్టంలో ఉంది గానీ అది బండికి వర్తించదు, వ్యాన్ ఎక్కడపడితే అక్కడ ఆపి పడుకోవచ్చు అనుకుని చాలామంది ఇబ్బంది పడతారు, అదీ చెప్పాను.

ఒక గురువారం సాయంత్రం ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకతను బానెట్ తియ్యమన్నాడు, తీసా. వెంటనే రెండో అతను "వెనక బెడ్ ఎలా తెరుచుకుంటుందో చూపిస్తారా" అన్నాడు. ఇక్కడ అందరికీ తెలిసిన మోసం ఒకటుంది, ఒకళ్ళు మనల్ని వెనక్కి తీసుకెళ్తారు, ఇంకొకళ్ళు కూలెంట్ ట్యాంక్ లో కాస్త ఇంజన్ ఆయిల్ పోసేస్తారు, తర్వాత మూత తీసి చూపించి హెడ్ గాస్కెట్ (ఇంజన్ లో ఆయిల్, నీళ్ళు కలవకుండా ఆపే సీల్) పోయింది, సగం ధరకి ఇచ్చెయ్యమంటారు. వీళ్ళు అలాంటివాళ్ళో కాదో నాకు తెలీదు. నేను మాత్రం బానెట్ దగ్గరే నిలబడి మావారిని పిలిచి "వీరికి బెడ్ చూపించండి" అన్నా. అయిదు నిమిషాల్లో వెళ్ళిపోయారు. బండి చూపించేటప్పుడు ఇంట్లో ఇద్దరు ఉండండి, ఒక్కళ్ళే ఉంటే రేపు రమ్మనండి.

కొన్నవాళ్ళు రిటైర్ అయిన భార్యాభర్తలు, ష్రూస్‌బరీ దగ్గర చిన్న ఊరు. ఆవిడ నర్సుగా చేసిందట, ఆయన బడి మాస్టారు. ఆయన రాగానే పలకరింపు కూడా అవ్వకముందే బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు, చల్లగా ఉందో లేదో అని. ముందే వేడి చేసి పెడితే స్టార్టింగ్ లో ఉన్న తేడాలు తెలియవు కదా, నేను పొద్దున్నుంచీ తాళం కూడా పెట్టలేదు. మొదటి తిప్పుకే అందుకుంది. ఆవిడ సంచీలోంచి తడి కొలిచే మీటర్ తీసింది, రెండు సూదులుంటాయి, కప్‌బోర్డ్ ల లోపల, కిటికీల కింద, నేను ప్రకటనలో రాసిన ఆ లీక్ చోట, అన్నిచోట్లా గుచ్చి చూసింది. 11 శాతం, 12, లీక్ చోట 12. పదిహేను లోపు ఉంటే పొడి కిందే లెక్క. అప్పుడు కూర్చుని ఫైలు అడిగింది. గంటన్నర చదివిందండి, ప్రతి కాగితం, నేను రెండుసార్లు టీ పెట్టాను. పౌడర్ లో నీటి చార ఫోటో దగ్గర ఆగి, వేలితో ఆ చార మీద కింద నుంచి పైకి స్క్రూ దాకా వెళ్ళి, మొగుడికి చూపించింది. ఇద్దరూ ఏమీ అనలేదు. తుప్పు బుడగ చూపిస్తే "ఇది ఫోటోలో ఇంకా పెద్దగా కనపడింది" అన్నాడాయన.

ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి ఒకరోజు కవర్ తీసుకున్నాక ఆయన నడిపాడు, నేను పక్కన కూర్చున్నా. 16,500 అడిగారు. రూఫ్ గుడ్డ ఎడమ మూల కుట్టు వేసి ఉంది, రెండు సెంటీమీటర్లు, తుప్పు పనికి మూడు నాలుగొందలు అవుతుంది, అవి లెక్కేసుకుని 17 వేలకి ఖాయం చేసుకున్నాం. మావారు ఇంకో వారం చూద్దామా అన్నట్టు నా వైపు చూసారు. నేను తల అడ్డంగా ఊపాను. ఫైలు చదివిన మనిషి దొరికింది, ఇంకేం కావాలి.

శనివారం పొద్దున్న బ్యాంక్ ట్రాన్స్‌ఫర్, ముందు పది పౌండ్లు పంపించమని, అవి నా ఖాతాలో కనపడ్డాక మిగతాది. వాళ్ళు చూపించే స్క్రీన్ కాదు, మన బ్యాంక్ యాప్ లో చూసుకోవాలి, నేను ఆవిడకి అలాగే చెప్పా, ఆవిడ కూడా అలాగే చెయ్యాలంది. డీవీఎల్ఏ కి ఆన్‌లైన్ లో అక్కడే చెప్పేసి, వి5సి లో కొత్త కీపర్ (బండి ఇక ఎవరి పేరున ఉంటుందో వాళ్ళు) ఆకుపచ్చ ముక్క చించి ఇచ్చేసాను. రోడ్ టాక్స్ బండితో పాటు వెళ్ళదు, మనకి మిగిలిన పూర్తి నెలలకి వెనక్కి వచ్చేస్తుంది, కొన్నవాళ్ళు అప్పటికప్పుడు కట్టుకుని గానీ రోడ్డెక్కకూడదు, ఆయన మా డైనింగ్ టేబుల్ దగ్గరే ఫోన్లో కట్టేసాడు. రెండు కాపీల రసీదు, ఇద్దరి సంతకాలు, ఉన్న లోపాలన్నీ అందులోనే మళ్ళీ రాసి.

డాష్ బోర్డ్ మీద చిన్న బాలాజీ బొమ్మ ఉండేది, కొన్న వారం బర్మింగ్‌హమ్ దగ్గర టివిడేల్ బాలాజీ గుడికి తీసుకెళ్ళి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేయించినప్పుడు అతికించింది. ముందు రోజు రాత్రి పాప హెయిర్ డ్రయ్యర్ తో జిగురు వేడి చేసి మెల్లగా తీసింది, ఇప్పుడు తన స్టడీ టేబుల్ మీద ఉంది. చిన్నోడు రూఫ్ బెడ్ చెక్క అడుగున వాడి పేరు, ఎత్తు, తేదీ ఎప్పుడో పెన్సిల్ తో రాసాడట, అప్పటిదాకా మాకు తెలీదు. చెరిపేస్తానన్నాడు. ఆవిడ విని వద్దంది, ఉండనీ బాబూ అంది.

ఒక తడవ అన్నీ చూపించి, నాలుగు పేజీల కాగితం రాసిచ్చాను, ఉదయం లేవగానే ఏం చెయ్యాలి, చలికాలం ముందు నీళ్ళ ట్యాంక్ ఎలా ఖాళీ చెయ్యాలి, ఏ ఫ్యూజ్ దేనికి. నిన్న రాత్రి తొమ్మిదింటికి ఆవిడ నుంచి మెసేజ్, వేల్స్ లో ఎక్కడో కొండ పక్కన ఉన్నారట, హీటర్ స్విచ్ నొక్కితే ఏమీ అవ్వట్లేదు, మూడో పేజీ చదివాం, అయినా అర్థం కాలేదు అని. వెంటనే ఫోన్ చేసాను. "గుండ్రటి నాబ్ ని కుడివైపు తిప్పి వదిలెయ్యండి, వెంటనే మళ్ళీ నొక్కకండి, ముందు ఫ్యాన్ చప్పుడొస్తుంది, తర్వాత కింద టిక్కు టిక్కుమని పంపు, మూడు నిమిషాలు పడుతుంది వేడి రావడానికి" అన్నా. అలాగే ఫోన్ పట్టుకుని ఇద్దరం ఆగాం. ఫ్యాన్ వినపడింది. కాసేపటికి ఆ టిక్కు టిక్కు కూడా నాకు ఇక్కడ దాకా వినపడింది.